పాత ఫోర్క్‌లిఫ్టుకు విడిభాగము దొరకునా?



శృంగవరపుకోట దాటి, అనంతగిరి కనుమదారి నెక్కి, అరకులోయకు వచ్చిన వారందరికిని ఒక మాట పరిచయమై యుండును. మలుపులో లారీ ఆగిపోయినను, కాఫీతోటలో నీళ్ల పంపు మొరాయించినను, పిండిమర బెల్టు తెగినను, మెకానిక్కు చేతులు తుడుచుకొనుచు చెప్పునది ఒక్కటే: "సామాను కింద నుంచి రావాలండీ." ఆ "కింద" అను మాటలో విశాఖపట్టణ మున్నది, గాజువాక యున్నది, విజయవాడ యున్నది, ఒక్కొక్కప్పుడు మద్రాసును బొంబాయియు నున్నవి. సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల యెత్తున నివసించు మనకు ఇనుపసామాను సమస్తమును క్రిందినుండియే ఎక్కి రావలెను.

ఈ సాయంకాలము నేను ముచ్చటింపబోవునది ఆ "కింద నుంచి" అను మాటను గురించియే. కంపెనీవారు తయారుచేయుట మానివేసిన పాత ఫోర్క్‌లిఫ్టు చెడిపోయినచో, దానికి విడిభాగము ఎట్లు వెదకవలెను? ఎక్కడ దొరకును? ఏ భాగమును దొరికినదానితో సరిపెట్టుకొనవచ్చును, ఏ భాగమును సరిపెట్టుకొనరాదు? యంత్రముల మరమ్మతులోనే జీవితమంతయు గడపినవాడను గనుక, నాకు తెలిసినంతవరకు చెప్పెదను.

ఫోర్క్‌లిఫ్టును చూడని శ్రోతలు కొందఱుందురు. వారి కొఱకు రెండు మాటలు. అది చిన్న ట్రాక్టరంత బండి. ముందు భాగమున నిచ్చెనవలె నిలువుగా ఒక ఇనుపచట్రము. దానిని మాస్టు అందురు. ఆ చట్రమునుండి ముందుకు చాచిన రెండు ఇనుప చేతులు, అవియే ఫోర్కులు. బస్తాల దొంతర క్రింద ఆ చేతులు దూర్చి, మీట లాగినచో, 40 కాఫీ బస్తాలు ఒక్కమాఱుగా పైకి లేచును. ముందున్న బరువుకు బండి తలక్రిందులు కాకుండ వెనుక పెద్ద ఇనుపదిమ్మె యుండును. 1917లో అమెరికాదేశపు క్లార్క్ కంపెనీవారు తమ కర్మాగారములో సామాను చేరవేసికొనుటకు చేసికొన్న బండి దీనికి పూర్వరూపము. మన దేశములో 1960 దశకమునుండి గోద్రెజ్ మొదలగువారు వీనిని తయారుచేయుచున్నారు. రేవులలో, ఉక్కు కర్మాగారములలో, గోడౌనులలో నలుబదేండ్లు, ఏబదేండ్లు పనిచేసిన బండ్లు కూడ ఇంకను తిరుగుచునే యున్నవి.

నేను చెప్పబోవు బండి అట్టిదే. విశాఖ రేవు ప్రాంతమున ఎన్నో యేండ్లు చాకిరీ చేసి, వేలములో అమ్ముడుపోయి, లారీమీద కనుమదారి నెక్కి, అరకు చేరువ నున్న మా కాఫీ గోడౌనునకు చేరినది. రెండు టన్నుల డీజిలు బండి. దాని పసుపురంగు ఎక్కడ వెలిసినదో, ఎక్కడ మట్టియంటినదో చెప్పుట కష్టము. కాని ఇంజను మాత్రము తెల్లవారుజామున మంచు కప్పిన వేళ సైతము రెండవ పిలుపుకే పలికెడిది.

డిసెంబరు మాసము. కాఫీపండ్లు కోతకు వచ్చు కాలము. ఆ కాలమున మన కొండలలో ఎవరికిని తీరిక యుండదు. కోసిన పండును ఆ దినముననే పల్పరులో వేసి తొక్క తీయవలెను, ఆలస్యమైనచో పులిసిపోవును. ఎండిన గింజ గోడౌనుకు చేరవలెను. గోడౌనులోని బస్తాలు లారీ కెక్కవలెను. ఈ గొలుసులో ఏ లంకె ఆగినను, ఎక్కడనో వాలులమీద సిల్వరు ఓకు చెట్ల నీడలో పండు కోయుచున్న గిరిజనుని కష్టమునకే దెబ్బ. అట్టి సమయమున బండి నడుపు కుర్రవాడు పరుగున నాయొద్దకు వచ్చెను.

"సార్, ఎత్తిన బరువు నిలవట్లేదండీ. మెల్లగా దిగిపోతంది."

పోయి చూచితిని. ఫోర్కులపై బస్తాలున్నవి, అవి కంటికి కనబడీ కనబడనంత మెల్లగా జాఱుచున్నవి. ఫోర్కుల నెత్తు సిలిండరు కంఠమున నూనె చెమ్మగిల్లి, మెఱయుచున్న రాడ్డు వెంబడి సన్నని ధారగా క్రిందికి కాఱుచుండెను. లోపలి సీలు పోయినదని అర్థమైనది. సీలనగా నేమి? అరచేతిలో ఇమిడెడి ఒక రబ్బరు వలయము. అంతియే. ఆ వలయము చిరిగినందున రెండు టన్నుల నెత్తగల బండి నిలిచిపోయినది. వెంటనే బస్తాలు దింపించి, ఫోర్కులను నేల కానించి, బండి ఆపించితిని. లేచియున్న ఫోర్కుల క్రింద ఎన్నడును ఎవరును తల దూర్పరాదు, చేయి పెట్టరాదు. ఈ మాట మరల చెప్పుచున్నాను: లేచియున్న ఫోర్కుల క్రిందికి పోవలదు.

నగరములోని యొక ఏజెంటుకు ఫోను చేసితిని. ఆయన మర్యాదగానే మాటలాడెను. బండి పేరు అడిగెను, మోడలు అడిగెను; పిదప, "ఆ మోడలు ఆగిపోయి చాలాకాలమైందండీ, పార్టులు రావు, కొత్త బండి తీసుకోండి," అనెను. కొత్త బండి లక్షల మాట. మన అవసరము అరచేతిలో పట్టు రబ్బరు ముక్క.

శ్రోతలారా, ఇక్కడనే ఒక రహస్యమున్నది. ఈ సాయంకాలము నేను చెప్పదలచినదానిలో ముఖ్యమైన దిదియే, కావున దానిని రెండు మూడు మాఱులు చెప్పెదను. బండికి ఒక పేరుండును. బండిలోని భాగములకు వేఱు పేర్లుండును. బండి చేసిన కంపెనీ తనంతట తాను సీలు చేయదు, బేరింగు చేయదు, బెల్టు చేయదు, పెక్కు సందర్భములలో ఇంజనుకూడ చేయదు. అవన్నియు ఇతరులు చేసినవి, కొని బిగించినవి. బండి తయారీ ఆగిపోయినను, ఆ సీలు తయారీ ఆగిపోలేదు. ఆ బేరింగు తయారీ ఆగిపోలేదు. బండి పేరుతో అడిగినచో "లేదు" అందురు. భాగము కొలతతో అడిగినచో "ఇదిగో" అందురు. మరల చెప్పుచున్నాను: పాత బండికి సామాను కావలసినప్పుడు బండి పేరు చెప్పవలదు, భాగము కొలత చెప్పవలెను.

ఈ సంగతి నాకు ఆనాటికి తెలియనిది కాదు. కాని తొందరలో పొరపడితిని. చిరిగిన సీలును ఊడదీసి, కాగితములో చుట్టి, జేబులో వేసికొని, తొలి బస్సులో కొండ దిగితిని. గాజువాక ఆటోనగరులో వీథు లన్నియు లేతు మెషీన్ల చప్పుడు, వెల్డింగు మెఱుపులు. అక్కడ హైడ్రాలిక్ సీళ్లు మాత్రమే అమ్ము ఒక చిన్న దుకాణము. గోడనిండ మేకులు, మేకులకు వందలకొలది రబ్బరు వలయములు, గాజులకొట్టులో గాజులవలె వ్రేలాడుచుండెను. దుకాణదారుడు వయస్సు మళ్లినవాడు. నేనిచ్చిన సీలును వ్రేళ్ల నడుమ పట్టి నొక్కి చూచెను. వెర్నియరు కొలబద్దతో కొలువనైన కొలువలేదు.

"బాబూ, ఇది నూనె తాగి ఉబ్బిపోయింది. దీని కొలత అబద్ధం. రాడ్డు ఎంత? గాడి ఎంత? లోతు ఎంత?"

నాకు జవాబు లేదు. నేను తెచ్చినది పాత రబ్బరు; కొలిచి తేవలసినది ఇనుము.

"పాత రబ్బరు మాట నమ్మకూడదు బాబూ. ఇనుము మాట నమ్మాలి," అని ఆయన నాకొక ముక్కాలిపీట జరపెను.

అక్కడనుండియే కొండమీది కుర్రవానికి ఫోను చేసితిని. అతడు కొండదొర తెగవాడు. పదవ తరగతి వఱకు చదివి, బండి నడుపుట నేర్చినవాడు. వెర్నియరు కాలిపర్సు చూచుట అతనికి అంతకు కొన్ని వారముల ముందే నేర్పియుంటిని. అరగంటలో అతడు మరల ఫోను చేసెను. రాడ్డును గుడ్డతో తుడిచి మూడుచోట్ల కొలిచినాడట. మూడుచోట్లను ఒకటే లెక్క.

"50.8 వచ్చిందండీ. 50 అనుకుని మళ్లీ చూశానండీ. 50.8 ఏనండీ."

నేను ఆ సంఖ్యను పైకి చెప్పగనే దుకాణదారుని మొగము వికసించెను. "అంగుళాల బండి!" అనెను. రెండంగుళములనగా 50.8 మిల్లీమీటర్లు. మన దేశములో మెట్రిక్ కొలతల చట్టము 1956లో వచ్చినది. కాని విదేశపు నమూనాల ననుసరించి తయారైన పాత యంత్రములలో అంగుళముల కొలతలు అటుపిమ్మట ఎంతో కాలము నిలిచినవి. ఆనాడు నేను ఉజ్జాయింపుగా 50 మిల్లీమీటర్ల సీలు కొనిపోయి యుండినచో, అది బిగుసుకొని, రాపిడికి వేడెక్కి, కొలది దినములలోనే చిరిగియుండెడిది. నేను మరల కొండ దిగవలసివచ్చెడిది. ఒక మిల్లీమీటరైనను లేని ఆ తేడాను కొండమీది కుర్రవాడు పట్టినాడు. గాడి కొలతలు కూడ అతడు చెప్పగా, దుకాణదారుడు లోపలి గదిలోనుండి ఒక పాత అట్టపెట్టె తెచ్చి, అంగుళముల సీలు రెండు చేతిలో పెట్టెను. ఒకటి బిగించుటకు, ఒకటి దాచుకొనుటకు. వాని వెల ఒక పూట భోజనపు వెలకు మించలేదు.

మఱునాడు సీలు బిగించుటకు ముందు ఆ కుర్రవాడు చేసిన పని నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది. కన్నులు మూసికొని, రాడ్డు పొడవునను చూపుడువ్రేలి గోరు మెల్లగా నడిపించెను. ఒకచోట గోరు తట్టుకొనెను. "ఇక్కడ గీత ఉందండీ," అనెను. కంటికి కనబడని గీత. అదియే పాత సీలును కోసినది. నూనెరాయితో దాని అంచును నునుపుచేసి, పిదప కొత్త సీలును నూనెలో ముంచి ఎక్కించినాము. సాయంకాలమునకు బస్తాలు లారీ కెక్కినవి.

సీలు విషయమున చెప్పిన మాటయే బేరింగు విషయమునను చెల్లును. బేరింగు అంచుమీద ఒక సంఖ్య చెక్కియుండును. 6205 అని యున్నదనుకొనుడు. చివరి రెండంకెలు సున్న ఐదు. దానిని ఐదుచే హెచ్చించినచో ఇరువదియైదు. ఆ బేరింగు రంధ్రము 25 మిల్లీమీటర్లన్నమాట. ఇది ఏ యొక్క కంపెనీ చేసికొన్న ఏర్పాటు కాదు. జర్మనీలో చేసినను, జపానులో చేసినను, మన దేశములో చేసినను 6205 అనగా అదే కొలత. కావున బేరింగు ఊడదీసినప్పుడు గ్రీజు తుడిచి, ఆ సంఖ్యను వ్రాసికొనుడు. ఆ సంఖ్య చేతిలో నున్నచో, బండి పుట్టిన కంపెనీ మూతపడినను మీకు లోటు లేదు.

ఇంజను సంగతి మఱియు విచిత్రము. మన దేశపు పాత ఫోర్క్‌లిఫ్టులలో కొన్నింటికి మద్రాసు సింప్సన్ వారి డీజిలు ఇంజన్లుండును. ఆ సింప్సన్ వారి ఇంజన్లే మన పొలములలోని కొన్ని ట్రాక్టర్లకును ఉన్నవి. కావున ఫిల్టరు కావలసినను, గాస్కెట్టు కావలసినను, పిస్టన్ రింగులు కావలసినను, ముందుగా ఇంజను మీది పలకను చదివి, ఆ సంఖ్యతో ట్రాక్టరు సామాన్ల కొట్టులో అడిగి చూడుడు. ఫోర్క్‌లిఫ్టు పేరు విననైన వినని విజయనగరపు దుకాణదారుడు మీకు కావలసిన గాస్కెట్టును బల్లమీద పెట్టవచ్చును.

ఇంజను పలక యట్లుండగా, బండి పలక ఎక్కడ నున్నది? ఇదియే అనేకులకు వచ్చు చిక్కు. ప్రతి బండికి ఒక లోహపు పలక యుండును. దానిమీద మోడలు, క్రమసంఖ్య, ఎంత యెత్తునకు ఎంత బరువెత్తవచ్చునో చెక్కియుందురు. పాత బండ్లు చేతులు మాఱినప్పుడెల్ల రంగు మాఱును. రంగు వేయువాడు పలకను విడిచి వేయడు. మా బండి పలకమీద మూడు పొరల రంగు గడ్డకట్టియుండెను. కిరసనాయిలులో తడిపిన గుడ్డను దానిమీద ఒక రాత్రి కప్పియుంచి, ఉదయమున కొబ్బరిపీచుతో రుద్దితిమి. మొదట పసుపు పోయెను, తరువాత ఎఱుపు, తరువాత పచ్చ. అటుపిమ్మట అక్షరముల గుఱుతులు తేలెను. పలుచని కాగితము నానించి పెన్సిలు అడ్డముగా రుద్దగా, తెల్లని అంకెలు ఒక్కొక్కటిగా కాగితము మీదికి వచ్చెను. ఇనుపబ్రష్షుతో మాత్రము రుద్దవలదు. రంగుతోపాటు అంకెలును పోవును.

ఇక, సరిపెట్టుకొనరాని భాగముల మాట. ఇది ప్రాణములతో ముడిపడిన విషయము గనుక కొంచెము నిదానించి చెప్పెదను.

మన కొండలలో కొండకమ్మరులున్నారు. నాగటి కఱ్ఱు అరిగినచో, గొడ్డలి మొండివోయినచో, వారి కొలిమి యొద్దకు పోవుట మన అలవాటు. మా బండి ఫోర్కులు మడమ దగ్గర, అనగా వంపు తిరిగిన చోట, అరిగియుండెను. గోడౌనులోని వారొకరు, "క్రొత్త ఫోర్కు లెందుకు? కమ్మరివాని చేత ఇనుము అతికింపవచ్చును గదా," అనిరి. సంత దారిలో కొలిమి పెట్టుకొన్న ఒక వృద్ధ కమ్మరిని పిలిపించితిమి. ఆయన వచ్చి, ఫోర్కు ప్రక్కన గొంతుకూర్చుండి, చిన్న సుత్తితో రెండుమాఱులు తట్టి, చెవి యొగ్గి వినెను. పిదప తల అడ్డముగా ఊపెను.

"ఇది మా ఇనుము కాదు బాబూ. దీన్ని కాలిస్తే దీని సత్తువ పోద్ది. మనిషి మీద పడుద్ది."

ఆయన ఏ ఇంజనీరింగు కళాశాలలోను చదివినవాడు కాడు. కాని ఆయన చెప్పినది అక్షరాల నిజము. ఫోర్కులు ప్రత్యేకమైన ఉక్కుతో చేసి, వేడిచేసి చల్లార్చి బలము కూర్చినవి. వానిని కొలిమిలో కాల్చినను, రోడ్డుప్రక్క వెల్డింగు చేసినను ఆ బలము పోవును. పైకి చూచుటకు మాత్రము బాగుగనే యుండును. ఆ పనికి ఒప్పుకొనియున్నచో కూలి ఆయనకు వచ్చియుండెడిది. వలదని తన సుత్తి తీసికొని లేచిపోయినాడు. అట్టి పనివానికి నేను చేతులెత్తి నమస్కరించుచున్నాను.

ఫోర్కు మడమ పదవవంతు అరిగినచో దానిని మార్చివేయవలెనని నియమము. 40 మిల్లీమీటర్ల మందముండెడిది 36 అయినచో, దాని పని అయిపోయినది. పదవవంతే గదా అని అనుకొనవలదు. మందము పదవవంతు తగ్గినచో బలము దాదాపు అయిదవవంతు తగ్గును. బరువు నెత్తు చెయినుకును ఇట్టి హద్దే కలదు. కొత్తగా నున్నప్పుడు నూఱు సెంటీమీటర్లున్న భాగము సాగి నూటమూడైనచో, ఆ చెయినును విడిచిపెట్టవలెను. పాత చెయినుకు కొత్త లంకెలు కలిపి అతుకరాదు. మోటారుసైకిలు చెయిను, చెఱకుగానుగ చెయిను తెచ్చి తగిలింపరాదు. మరల చెప్పుచున్నాను. ఫోర్కు, చెయిను, బ్రేకు: ఈ మూటిని సరియైన రకమే కొని వేయుడు, దొరకనిచో బండిని నిలిపివేయుడు. ఫిల్టరు, బెల్టు, బేరింగు, సీలు: వీనిని కొలత పట్టి ఎక్కడ దొరికిన నక్కడ కొనుడు.

పాత యంత్రమును పారవేయుటే నాగరికత అని కొందఱనుకొందురు. ఆ యభిప్రాయము సరికాదని చెప్పుటకు మనకు దూరము పోనక్కఱలేదు. మన కొండల అంచున, ఆంధ్ర ఒడిశా సరిహద్దులో, డుడుమ జలపాతము చెంత నున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్కేంద్రము 1955లో పని ప్రారంభించినది. ఆనాటి యంత్రములను కాపాడుకొనుచు, అరిగినదానిని మార్చుచు, ఎందఱో పనివారు తరములుగా దానిని నడుపుచు వచ్చినారు. అట్టి చోట భాగము చెడినచో అంగడిలో దొరకదు. కొలిచి, బొమ్మ గీచి, చేయించుకొనవలెను. కొలిచి వ్రాసికొనినవారికే అది సాధ్యము. కొత్తవలస కిరండూలు రైలుమార్గములో సొరంగములు దాటుచు ఇనుపరాతిని క్రిందికి మోయు బండ్ల సంగతియు నింతే. ఏ బోల్టు ఎప్పుడు మార్చిరో పుస్తకములో నుండును.

మన చిన్న రైతులకును ఇది పరాయి విషయము కాదు. మీ ఇంటి వసారాలో చేతితో త్రిప్పెడి కాఫీ పల్పరున్నది గదా. దాని బేరింగుమీదను సంఖ్య కలదు. మోటారు తగిలించినదైనచో దాని బెల్టుమీదను సంఖ్య కలదు. బెల్టు కొత్తగా నున్నప్పుడే ఆ సంఖ్య చదువ వీలగును. ఆరు మాసములు తిరిగిన పిమ్మట అది చెఱిగిపోవును. కోతల నడుమ బెల్టు తెగినచో, చెఱిగిన సంఖ్యను ఎవరును చదువలేరు.

అందుచేత మిమ్ములనందఱను ఒకటి వేడుకొనుచున్నాను. కాఫీ కోతలు ప్రారంభము కాకముందే, ఒక దినము మీ బండికి, మీ పంపునకు, మీ పల్పరునకు కేటాయింపుడు. పలకలు తుడువుడు. సంఖ్యలు చదువుడు. రాడ్డు కొలత, గాడి కొలత, బెల్టు సంఖ్య, బేరింగు సంఖ్య ఒక నోటుపుస్తకములో వ్రాసి, ఆ పుస్తకమును యంత్రమున్న చోటనే మేకునకు తగిలింపుడు. మన ఏజెన్సీ ప్రాంతములోని ఐ.టి.ఐ. ఉపాధ్యాయులకును ఒక విన్నపము: మీ విద్యార్థులకు వెర్నియరు చూచుట నేర్పినప్పుడు, బడిలోని ఇనుపముక్కలమీదనే గాక, ఊరిలోని పల్పర్లమీదను, పంపులమీదను కొలిపింపుడు.

మా గోడౌను గోడకు ఆ పుస్తకము నేటికిని వ్రేలాడుచున్నది. దాని మొదటి పుటలో ఆ కుర్రవాని చేతివ్రాతతో 50.8 అని యున్నది. దాని ప్రక్కన, రెండవ సీలు ఏ డబ్బాలో దాచినదియు వ్రాసియున్నది.